గవ్వదిబ్బల మూలవాసులు

ఆ ఏడాదిని ప్రభుత్వం స్థానిక చరిత్రల సంవత్సరంగా ప్రకటించింది. ప్రకటించిన కొద్ది నెలల్లోనే రాష్ట్రంలో కొత్తదంటూ ఏదీ మిగలలేదు. ఒక బస్సు డిపో, తాను బౌద్ధుల కాలం నాటి బండ్ల విడిదినని పుస్తకం అచ్చేసింది. దాని పక్కనున్న కూరగాయల మార్కెట్టు ఊరుకోలేక, ఆ బౌద్ధులు కూరలు కొన్నది తన దగ్గరేనని ఇంకొంచెం లావు పుస్తకం అచ్చేసింది. ఒక కరెంటు సబ్‌స్టేషన్, పూర్వం ఆ స్థలంలో పిడుగులు తరచుగా పడేవనీ, కనుక కరెంటుతో దానికున్న అనుబంధం సనాతనమనీ నిరూపించింది. పుస్తకం లేని శాఖకి వచ్చే ఏడాది గ్రాంటు లేదని ఉత్తర్వు వచ్చాక ఎవరి ఉత్సాహం వాళ్లకి పెరిగింది.

ఆ ఉత్తర్వు ద్వీప సముదాయాల వికాస మండలికి కూడా వచ్చింది. పేరులో సముదాయాలు అన్నారే గాని మండలి కింద ఉన్న ద్వీప సముదాయం ఒక్కటే, గవ్వదిబ్బలు. తీరం నుంచి మరపడవలో ఒక పూట ప్రయాణం. ఆ దీవుల్లో మనుషులు లేరు. మండలిలో మాత్రం నలభై మంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ దీవులు చూసిన పాపాన పోలేదు. జిల్లా కేంద్రంలో మేడమీద ఉన్న వాళ్ల కార్యాలయానికి కిటికీలన్నీ సముద్రం వైపే ఉన్నాయి గాని, ఎండ పడుతోందని పరదాలు వేసి ఉంచేవారు.

పుస్తకం రాయడానికి మండలి ఇందుమతిని డెప్యుటేషన్ మీద తెప్పించుకుంది. ఆమె ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్లు భూగోళం చెప్పింది. ఆ గ్రూపులో పిల్లలు చేరడం మానేశాక గ్రూపు ఎత్తేసి, చెప్పేవాళ్లని మిగులు సిబ్బంది అన్నారు. మిగిలిన వాళ్లని ఎక్కడ పడితే అక్కడ సర్దారు. ఆమెతో పాటు చెప్పిన ఒక మాస్టారు పశువుల ఆసుపత్రిలో టోకెన్లు ఇస్తున్నాడు. అందుకని జనం లేని దీవుల గురించి రాయమనేసరికి విద్యార్థులు లేని ఇందుమతి దాన్ని అదృష్టంగానే భావించింది.

వచ్చిన వారంలోనే ఆమె దీవులు చూసొస్తానంది. కార్యాలయంలో ఎవరికీ ఆ అవసరం అర్థం కాలేదు. దీవులు ఎక్కడికీ పోవు కదా అన్నారు. ఆమె వినకుండా పాతరేవు అనే పల్లెకి వెళ్లి, మైలపల్లి పోలన్న అనే జాలరి పడవ కుదుర్చుకుంది. పోలన్నకి యాభై దాటాయి. మండలి అనేది ఒకటుందని అతనికి ఆ రోజే తెలిసింది. తెలిసినందుకు పెద్దగా సంతోషించలేదు.

ఆటు సమయానికి చేరారు. ఐదు ఇసుకదిబ్బలు నీళ్లలోంచి వీపులు పైకెత్తి కనిపించాయి. పోటు వచ్చేసరికి రెండు మునిగిపోయి మూడే మిగిలాయి. పెద్ద దిబ్బ మీద, ఎక్కడెక్కడి నుంచో కొట్టుకొచ్చిన కాయలు మొలిచి కొబ్బరిచెట్లయ్యాయి. వాటి కింద మొగలి పొదలు, పొదల కింద చెయ్యంతేసి ఎర్ర పీతలు. తెల్ల పిట్టలు ఉత్త ఇసకలోనే గుడ్లు పెట్టి, దగ్గరికొస్తే నెత్తి మీద పొడవడానికి వచ్చాయి. పడమటి పక్క అల రాని వంపు ఒకటుంది. అక్కడ రెండు ఆకుల పందిళ్లూ, మసిబారిన పొయ్యిరాళ్లూ ఉన్నాయి.

ఇక్కడ ఎవరైనా ఉంటారా అని ఆమె అడిగింది.

"నీల్లు దొరకవు మేడంగారూ, ఎవులుంటారు?" అన్నాడు పోలన్న. "గాలి తిరిగితే మాత్రం మాకిదొక్కటే దిక్కు. పడవలు ఈ వొంపులోకి లాగేసుకుని, గాలి తగ్గేదాకా ఈ పందిరి కింద పడుంటాం."

ఇరవై ఏళ్లు నల్లబల్ల మీద దీవులు గీసిన మనిషికి ఒక దీవి మీద కాలుపెట్టడం అదే మొదలు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని దిబ్బంతా తిరిగింది. తిరిగొచ్చి, ఇసుక ఎటు నుంచి కొట్టుకొస్తోందో, దిబ్బలు ఎలా జరుగుతున్నాయో, పిట్టలు ఏ కాలంలో వస్తాయో అన్నీ ముచ్చటపడి రాసింది. చరిత్ర మాత్రం ఒక పేజీకి మించలేదు. తెల్లదొరల కాలంలో ఒక ఓడ కెప్టెను పెద్ద దిబ్బ మీద జెండా పాతాడు. మంచినీళ్లు దొరక్క మర్నాడే పీకేసుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఎవరో లైట్‌హౌస్ కడదామని ఇటుకలు దించారు. ఇటుకలు పోటుకి కొట్టుకుపోయాయి. ఇక్కడ ఎన్నడూ ఎవరూ నివసించలేదు అని ముగించి, పుస్తకం సంచాలకుల వారికి సమర్పించింది.

సంచాలకులు విశ్వంభరరావు గారు నిండైన మనిషి. మాట్లాడితే ఉత్తర్వు చదువుతున్నట్టే ఉంటుంది. ఇంట్లో కాఫీ అడిగినా అలాగే అడుగుతారని చెప్పుకునేవారు. ఆయన మొదట దీవుల సంఖ్య దగ్గర ఆగారు. ఐదా, మూడా తేల్చమన్నారు. ఆటుకి ఐదండీ, పోటుకి మూడండీ అంది ఇందుమతి.

"ప్రభుత్వ ఆస్తి సముద్రము యొక్క ఇష్టాయిష్టములను బట్టి హెచ్చుతగ్గులకు లోను కారాదు," అన్నారాయన. వెంటనే ఉపసంఘం వేశారు. ఉపసంఘం రెండుసార్లు కూర్చుని, ఉభయ పక్షాలకూ న్యాయం జరిగేలా దీవులు నాలుగని తీర్మానించింది.

తర్వాత చరిత్ర దగ్గరికొచ్చి ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. ప్రభుత్వం పంపిన నమూనా ప్రకారం ప్రతి చరిత్రలోనూ ప్రజలు, వేషభాషలు, ఆచారాలు, పండుగలు, ప్రముఖులు అనే అధ్యాయాలు ఉండి తీరాలి. ఇందుమతి వాటన్నిటి కిందా 'లేవు' అని రాసింది.

"లేవు అనునది సమాచారము కాదమ్మా, సమాచార లోపము. లోపమును మండలి ప్రచురింపజాలదు."

కావాలంటే తాబేళ్ల గురించి ఒక అధ్యాయం కలుపుతానంది ఆమె. తాబేళ్లు అటవీశాఖ పరిధిలోనివని ఆయన కాగితాలు వెనక్కి తోశారు. పుస్తకం పూర్తి కాకపోతే డెప్యుటేషన్ రద్దవుతుందని కూడా మెల్లిగా చెప్పారు. ఇందుమతికి పశువుల ఆసుపత్రి కళ్లముందు మెదిలింది.

బయటికొచ్చిన ఆమెను సూపరింటెండెంటు కామేశం పలకరించాడు. మెత్తటి మనిషి, ముప్పై ఏళ్లుగా ఫైళ్లలో మునిగినవాడు. అబద్ధం రాయనక్కర్లేదనీ, నిజాన్నే కొంచెం మెత్తగా రాస్తే చాలనీ సలహా చెప్పాడు. ఆమె రెండు రోజులు ఆలోచించి, పూర్వం ఇక్కడ జనం నివసించలేదని కచ్చితంగా చెప్పలేము అని రాసింది. అందులో అబద్ధం లేదని తనకు తాను నచ్చజెప్పుకుంది. కామేశం దాన్ని చదివి మెచ్చుకుని, రెండు లేదులు కలిస్తే ఒక ఉంది అవుతుందని చిన్నప్పుడు లెక్కల్లో చదువుకున్నాం కదా అని, కాగితం ఆదా చేస్తూ సరిదిద్దాడు. పూర్వం ఇక్కడ జనం కచ్చితంగా నివసించారు అని మిగిలింది.

జనం ఉన్నాక వాళ్లని పేరు లేకుండా ఉంచడం బాగుండదు. ఇందుమతి వాళ్లకి గవ్వరులు అని పేరు పెట్టింది. మొదట్లో సిగ్గుపడుతూనే రాసింది గాని, నాలుగు పేజీలయ్యేసరికి ఆమెకు ఆ పని రుచించింది. మధ్యాహ్నాలు కార్యాలయమంతా కునుకు తీస్తుంటే ఆమె గవ్వరుల పెళ్లిళ్లూ, గవ్వరుల అలకలూ రాసుకుంటూ తనలో తాను నవ్వుకునేది. వాళ్లకి శంఖపాలుడనే రాజునిచ్చింది. ఆ రాజు అల మీద అలిగి సముద్రంతో నెల రోజులు మాట్లాడలేదని రాసింది.

సంచాలకుల వారు ప్రతి పేజీనీ శ్రద్ధగా సంస్కరించారు. గవ్వరులు ఆకులు కట్టుకుంటారంటే సభామర్యాద కాదని నేత పంచెలు ఇప్పించారు. చేపలు తింటారంటే మొహం చిట్లించి, ప్రచురణార్హమైన జాతి శాకాహారి అయి ఉండుట శోభాకరమని కొబ్బరికీ మొగలిపండుకీ మార్పించారు. వాళ్లు సంధి దోషాలు లేని తెలుగు మాట్లాడేవారని తానే స్వయంగా ఒక వాక్యం కలిపారు. శంఖపాలుడు ఏడుగురు సభ్యుల మండలి సలహా మేరకే పరిపాలించాడని ఆమె చదివి వినిపించినప్పుడు మాత్రం ఆయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు.

పుస్తకం అట్టహాసంగా విడుదలైంది. బస్సు డిపో వాళ్లూ మార్కెట్టు వాళ్లూ ముందు వరసలో కూర్చుని అసూయపడ్డారు. ఇందుమతికి శాలువా కప్పారు. అంతటితో అయిపోయిందనే అనుకుందామె.

అయిపోలేదు. పుస్తకం రాజధానికి చేరింది. అక్కడ ఎవరో నిజంగానే చదివారు. ప్రభుత్వ ప్రచురణలో ఒక మూలజాతి నమోదైంది గనుక దాని ప్రస్తుత జనాభా ఎంతో తెలపమని అడిగారు. సంచాలకులు నిజాయితీగా సున్నా అని జవాబిచ్చారు. రాజధానిలో గగ్గోలు పుట్టింది. జనాభా వందకి పడిపోయిన జాతినే అపాయంలో ఉందంటారు, సున్నాకి పడిపోయిన జాతిని ఇంతకాలం పట్టించుకోకపోవడమేమిటని మండలికి చీవాట్లు పెట్టి, తక్షణ రక్షణకు ఆదేశించారు.

నిపుణుల బృందం ఒకటి దిగి, దీవులన్నీ తిరిగింది. గవ్వరులు ఎక్కడా కనబడలేదు. దాన్ని బట్టి వాళ్లు మిక్కిలి బిడియస్తులని తేల్చారు. బిడియం పోగొట్టడానికి విస్తళ్లలో అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించి ఇసకలో పెట్టి, పడవలో దూరంగా వెళ్లి పడుకున్నారు. తెల్లవారేసరికి మెతుకు మిగల్లేదు. ఎర్ర పీతలు పొదల కింద బరువుగా మెసలుతున్నాయి గాని వాటినెవరూ అడగలేదు. తిన్న అన్నాన్ని బట్టి జనాభా అంచనా కట్టారు. మర్నాడు రెట్టింపు పెట్టారు. అదీ మిగల్లేదు. రక్షణ చర్యల ఫలితంగా గవ్వరుల జనాభా ఒక్కరోజులో రెట్టింపయిందని నివేదిక పంపి, అభినందనలు అందుకున్నారు.

మూడో పనిగా పందిళ్లు పీకించారు. ఇచ్చట మూలవాసులు కలరు, అన్యులు ప్రవేశించరాదు అని వంపు దగ్గర బోర్డు పాతి, కాపలాకి ఒక మోటారు లాంచీ పెట్టారు.

గాలి తిరిగే కాలం వచ్చింది. ఒకరోజు పొద్దున్నే పోలన్న మేడమెట్లెక్కి మండలికి వచ్చాడు. చెప్పులు బయటే విడిచి, ఇందుమతి బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ముందురోజు గాలికి వాళ్ల పడవలు వంపులోకి వెళ్లబోతే లాంచీ అడ్డం వచ్చిందట. వెనక్కి తిరిగితే అతని బావమరిది దానయ్య పడవ అలకి బోల్తాపడి రెండు ముక్కలైంది. మనుషులు చెక్కలు పట్టుకుని ఈదుతూ పక్క పడవలు ఎక్కారు. దానయ్యకి చెయ్యి విరిగింది.

"ఆ గవ్వరులంట, ఆలు మమ్మల్ని రానివ్వొద్దన్నారంట," అన్నాడతను. "ఎప్పుడొచ్చినారమ్మా ఆలు? మేమెప్పుడూ సూడనేదు. మీరేనంట కదా పుస్తకం రాసినారు. మీరు సెప్తే ఇంటారేమో, ఓమాటు అడగండమ్మా, గాలి తగ్గీదాకా ఆ మూల పడుంటాం, ఆల జోలికెల్లమని."

ఇందుమతి ఆ పూట అన్నం తినలేకపోయింది. అతను తనను తిట్టి ఉంటే బాగుండుననిపించింది. సాయంత్రం తిన్నగా సంచాలకుల గదిలోకి వెళ్లి, గవ్వరులు లేరనీ, ఎన్నడూ లేరనీ, వాళ్లని తానే కుర్చీలో కూర్చుని కల్పించాననీ చెప్పేసింది.

విశ్వంభరరావు గారు ఏమాత్రం చలించలేదు. ఆమెకు మంచినీళ్లు ఇప్పించారు.

"మీరు రచించిరి, అంతియే. ప్రచురించినది మండలి. మండలి ప్రచురించిన జాతిని రచయిత్రి ఉపసంహరింపజాలదు."

పోనీ వాళ్లు ఇప్పుడు లేరని మండలే ప్రకటించవచ్చు కదా అందామె. ఆయన జాలిగా చూశారు. మండలి రక్షణలో ఉన్న జాతి, అదీ ఒక్కరోజులో రెట్టింపయిన జాతి, ఉన్నట్టుండి అంతరించిందంటే విచారణ సంఘం దిగుతుందన్నారు. గవ్వరులు చావడానికి వీల్లేదు. అన్యులు దిగడానికీ వీల్లేదు. ఆ రెండూ ఆయన చెప్పిన తీరులో పగ ఏమీ లేదు, వర్షం వస్తుందని చెప్పినంత మామూలుగా చెప్పారు.

ఇందుమతి ఇంటికి వెళ్లి చాలాసేపు గడపలో కూర్చుంది. నిజం చెబితే ఈ మండలికి వినబడదు. దానికి వినబడేది దాని పుస్తకం ఒక్కటే. ఆ సంగతి అర్థమయ్యాక ఆమెకు కొంత స్థిమితం చిక్కింది. మర్నాడు కామేశాన్ని వెంటబెట్టుకుని మళ్లీ సంచాలకుల దగ్గరికి వెళ్లి, పుస్తకంలో ఒక అధ్యాయం తక్కువైందనీ, రెండో కూర్పు వేయాలనీ చెప్పింది. ఏమి అధ్యాయమని ఆయన అడిగారు. వలస అంది.

గవ్వరులు చావలేదు. మంచినీళ్లు ఎండిపోయి, శంఖపాలుడి వెనక కట్టుబట్టలతో తీరానికి వచ్చేశారు. వచ్చి దిగిన చోటే పాతరేవు. అక్కడే స్థిరపడి వలలు పట్టారు. అయినా పుట్టిన గడ్డ మీద మమకారం చావక, గాలి తిరిగిన ప్రతిసారీ పడవలెక్కి ఆ వంపుకే వెళుతున్నారు. వాళ్లని అడ్డుకోవడమంటే మూలవాసులను మూలంలోకి రానివ్వకపోవడమే. ఇదంతా ఆమె తడుముకోకుండా చెప్పింది.

సంచాలకులు పైకప్పు వైపు చూశారు. "దీనికి ఆధారము?" అన్నారు.

"మొదటి కూర్పుకి ఏ ఆధారం ఉందో అదేనండి."

ఆయన మెల్లిగా తలాడించారు. ఆధారం బలంగానే ఉందని ఒప్పుకున్నారు. పైగా ఇప్పటిదాకా మండలి దగ్గర కనబడని మూలవాసులే ఉన్నారు. ఇకమీదట కనబడేవాళ్లు, ఫోటోకి నిలబడేవాళ్లు ఉంటారు. ఆయన ముఖం విప్పారింది. కామేశం మాత్రం ఒక అభ్యంతరం లేవదీశాడు. గవ్వరులు శాకాహారులని పుస్తకంలో ఉంది, పాతరేవు వాళ్లు తెల్లారిలేస్తే చేపలే పడతారు, ఇది ఎలా కుదురుతుందన్నాడు. సంచాలకుల వారే దాన్ని పరిష్కరించారు.

"వలస కష్టములలో ఆహారపుటలవాట్లు సడలినవి అని వ్రాయుడు. సానుభూతి కలుగును."

మండలిని ఒప్పించడం కంటే పాతరేవును ఒప్పించడం కష్టమైంది. ఇందుమతి వెళ్లి జరిగిందంతా దాచకుండా చెప్పింది. కుర్రాళ్లు నవ్వారు. దానయ్య కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె అతని పక్కన కూర్చుని, ఈ చెయ్యి నా వల్లే విరిగిందయ్యా అంది. తప్పు అలదమ్మా అన్నాడతను, కట్టు సర్దుకుని, లాంచీది కూడా అన్నాడు.

పోలన్న తల్లి చినతల్లికి మాత్రం కోపం వచ్చింది. ఆవిడ ఎనభై ఏళ్ల మనిషి, పల్లెలో ఆవిడ మాటకి ఎదురులేదు. "మా తాతలు ఈడనే పుట్టినారు, ఈడనే పోనారు," అంది. "మాకు ఊరు నేదేటి, పేరు నేదేటి? ఎవులో గవ్వలోల్లని మేమెందుకు సెప్పుకోవాల?"

పోలన్న తల్లి పక్కన గొంతుక్కూర్చుని, గాలి తిరిగినప్పుడు పడవ లాక్కోనిస్తే తనను ఏ పేరు పెట్టి పిలిచినా పలుకుతానన్నాడు. ఆవిడ కొడుకు వంకా, అల్లుడి చెయ్యి వంకా చూసింది. ఆ రాజెలాంటోడో ముందు చెప్పమంది. ఇందుమతి చెప్పింది. సముద్రంతో నెల రోజులు మాట్లాడకుండా అలిగాడని విన్నప్పుడు ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మావోడే అయ్యుంటాడు అంది చివరికి.

రెండో కూర్పు వచ్చింది. లాంచీ కాపలాకి బదులు స్వాగతానికి మారింది. పాతరేవులో అందరికీ మూలవాసి గుర్తింపు కార్డులిచ్చారు. అవి తడవకుండా జాలర్లు వాటిని పడవల్లో తెడ్ల పక్కన ప్లాస్టిక్ సంచుల్లో కట్టి ఉంచేవారు. దానయ్యకి కొత్త పడవ మాత్రం రాలేదు. మూలవాసి పడవ మూలవాసుల లాంచీ వల్ల మునిగే అవకాశం లేదని దరఖాస్తు తిప్పి పంపారు. పల్లెవాళ్లే తలా ఒక చెయ్యివేసి చేసిచ్చారు.

స్థానిక చరిత్రల సంవత్సరం ముగిసి, స్థానిక వంటకాల సంవత్సరం మొదలైంది. మండలి దృష్టి అటు మళ్లింది. ఇందుమతి డెప్యుటేషన్ పొడిగించి, గవ్వరుల వంటల పుస్తకం రాయమన్నారు. ఈసారి ఆమె వెంటనే కుర్చీలో కూర్చోలేదు. గాలి తిరిగే రోజుల్లో, పోలన్న పడవలో గవ్వదిబ్బలకి వెళ్లింది.

ఆ మధ్యాహ్నం ఆకాశం తూర్పున నల్లబడింది. పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి వంపులోకి వచ్చాయి. చివరిది దానయ్యది. అతను నీళ్లలోకి దూకి, రెండు చేతులతోనూ మోకు పట్టి లాగితే మిగిలిన వాళ్లు సాయం పట్టారు. కొత్తగా కట్టుకున్న పందిట్లో పొయ్యి రాజేసి, చేపల పులుసు పెట్టారు. బయట గాలి కొబ్బరిమట్టల్ని నేలకి వంచుతోంది. పీతలు పొయ్యి వైపు ఆశగా చూస్తున్నాయి.

పట్టుబట్టి కొడుకు వెంట వచ్చిన చినతల్లి పందిరి మధ్యలో కూర్చుని శంఖపాలుడి కథ చెబుతోంది. ఆవిడ చెప్పే రాజు పంచె కట్టడు, మండలి మాట వినడు. గాలివానలో ఒంటరిగా వల వేసి, సముద్రం గడ్డం పట్టుకుని బతిమాలితే గాని ఒడ్డుకి రాడు. అతని పెళ్లాం మైలపల్లి వాళ్ల ఆడపడుచు. పులుసు తాగుతున్నవాళ్లు గిన్నెలు కింద పెట్టి వింటున్నారు. ఇందుమతి పల్లెకొచ్చి చెప్పిన రోజున నవ్విన కుర్రాళ్లు కూడా వింటున్నారు.

రాజుకి పెళ్లి కాలేదండీ అని ఇందుమతి అనబోయింది. చినతల్లి ఆమె వైపు తిరిగింది.

"పెల్లి సంగతి మీ పుస్తకంలో పడనేదంట కదమ్మా, పోలన్న సెప్పినాడు. ఇనుకోని సక్కగా రాసుకో. ఆ పిల్ల పేరు సముద్రాలు. మాయమ్మకి మేనత్త వొరస."

ఇందుమతి సంచిలోంచి పెన్ను తీసింది.